రత్నపరీక్షయు గణకయంత్రమును
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు ఏదేనియొక విషయమును గూర్చి ప్రసంగింపవలసినదిగా కార్యవర్గమువారు మమ్మాజ్ఞాపించిరి. సంస్కృతము చదువుకొని, పాఠశాలలో బాలురచేత శబ్దరూపములను వల్లెవేయించి విశ్రాంతి గైకొన్న మావంటివారు కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో మాటలాడుదురని మీలో పలువురు తలచియుందురు. కాని కుంపటిని నమ్ముకొని బ్రదుకు స్వర్ణకారుల యింట పుట్టిన మేము నేడు కుంపటికి సంబంధించిన సంగతినే యెత్తుకొనుచున్నాము. రాతిని కొలిచి, ఆ కొలతలను కంప్యూటరునకు అందించి, అది యే రత్నమో సాఫ్ట్‌వేరుచేత తెలిసికొను పద్ధతి యొకటి యిప్పుడు వ్యాప్తిలోనున్నది. అది మనకు ఎంతవరకు ఉపకరించును, ఎచ్చట మనలను విడిచిపెట్టును, దానిని చేపట్టుటకు మనవారు ఏమి నేర్వవలెను అను మూడు విషయములను విన్నవించుట మా యుద్దేశము.

ఇది వినోదమునకై చెప్పు మాట కాదు. ఊదుగొట్టము, పటకారు, త్రాసు మన పనివానికి ఆస్తియే. కాని వానియన్నిటికంటె పెద్ద ఆస్తి నమ్మకము. ఇల్లాలు తన మెడలోని నగను తీసి, రసీదైనను అడుగక, మన చేతిలో పెట్టి పోవును. ఆ నమ్మకమునకు నేడు రాతివలన ముప్పు వచ్చినది. 2004 ప్రాంతమునుండి సీసము కలిసిన గాజును పగుళ్లలో నింపిన కెంపులు విపణిలోనికి వచ్చి, పిమ్మట విరివిగా వ్యాపించినవి. పగుళ్లతో నిండి పనికిరాని కెంపును వేడిచేసి, ఆ పగుళ్లలో గాజును కరగించి నింపినచో రాయి తేటయై మెఱయును. అట్టి రాయి పొదిగిన ఉంగరము వ్రేలికి బిగువైనదని యొకరు తెచ్చి యిచ్చిరనుకొనుడు. పనివాడు సంగతి యెఱుగక దానిపై మంట చూపినను, అతుకు పెట్టిన పిమ్మట మురికి పోవుటకై ఆమ్లజలమున ముంచినను, లోపలి గాజు చెడి పగుళ్లన్నియు తెల్లని గీతలై పైకి కనబడును. నిమ్మరసము సైతము ఆ గాజును తినివేయునని పరీక్షించినవారు తెలిపియున్నారు. అప్పుడు నగ యజమాని యేమనును? "మా కెంపును మార్చి మఱియొక రాయి పెట్టితివి" అనును. పనివాడు నిర్దోషి, కాని ఆ సంగతిని నిరూపించుకొనుటకు వానియొద్ద కాగితము లేదు, కొలత లేదు, సాక్షి లేడు.

బంగారమునకు ఇంత చిక్కు లేదు. తరతరములుగా మనకు గీటురాయి కలదు. 2021 జూను నెలనుండి మన దేశమున పలు జిల్లాలలో హాల్‌మార్కు లేని బంగారునగలను దుకాణములవారు అమ్మరాదను నిబంధనయు అమలులోనికి వచ్చినది. కాని ఆ ముద్ర బంగారము యొక్క మేలిమిని చెప్పునేకాని, దానియందు పొదిగిన రాయి యేదియో చెప్పదు. రాతికి గీటురాయి యేది? ఇదియే నేటి ప్రశ్న.

మన పూర్వులు ఈ ప్రశ్నను వేసికొనకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోశమునందు చేర్పదగిన రత్నముల పరీక్షకు ఒక అధ్యాయమే కలదు. వరాహమిహిరుడు బృహత్సంహితయందు వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము అను నాలుగింటికి వేర్వేఱు అధ్యాయములను రచించెను. బుద్ధభట్టుని రత్నపరీక్ష, అగస్తిమతము మున్నగు గ్రంథములు ఈ శాస్త్రమునకే ప్రత్యేకముగా వెలసినవి. 14వ శతాబ్ది ఆరంభమున ఢిల్లీయందు ఠక్కుర ఫేరు అను పండితుడు ప్రాకృతభాషలో రత్నపరీక్షను వ్రాసెను. రంగు, కాంతి, బరువు, కాఠిన్యము, దోషము, పుట్టినచోటు అను వానినిబట్టి రత్నమును నిర్ణయించుట ఈ గ్రంథములలోని మార్గము.

వానియందు నేటికిని నిలుచు మాటలు కలవు. వజ్రము తక్కిన రత్నములనన్నిటిని గీయగలదు, వానిలో నేదియు వజ్రమును గీయజాలదు అనుట నేటి శాస్త్రజ్ఞులును అంగీకరించు సత్యము. నిలువని మాటలును కలవు. ఉత్తమమైన వజ్రము నీటిపై తేలునని బృహత్సంహిత చెప్పుచున్నది. వజ్రము తనయంత పరిమాణముగల నీటికంటె 3.52 రెట్లు బరువైనది. అది తేలదు, మునుగును. ఇట్లనుటచే పూర్వులను చిన్నబుచ్చినట్లు కాదు. 'పరి' అనగా అన్నివైపుల, 'ఈక్ష' అనగా చూచుట. అన్నివైపులనుండి చూచుటయే పరీక్ష. గ్రంథమున నున్నదని నమ్మి ఊరకుండుట పరీక్ష కానేరదు. ఆ పేరు పెట్టిన పెద్దలే మనకు ఆ స్వాతంత్ర్యమిచ్చిరి. కృష్ణాతీరమున కొల్లూరు గనినుండి లోకమునకు వజ్రములనందించిన మన తెలుగుసీమవారికి ఈ స్వాతంత్ర్యము మఱింత తగియున్నది.

కంటిని మాత్రమే నమ్మినచో ఎంతటివారును మోసపోవుదురనుటకు ఎఱ్ఱని రాళ్లే సాక్ష్యము. కెంపు, స్పినెల్, గార్నెట్టు అను మూడును వేర్వేఱు పదార్థములు. మంచి రంగు గలవి పక్కపక్కన పెట్టినచో తేడా తెలియుట కష్టము. బ్రిటిషురాజుల కిరీటమున ముందువైపున వెలుగు 'బ్లాక్ ప్రిన్సు కెంపు' శతాబ్దములపాటు కెంపుగానే మన్ననలందినది. అది కెంపు కాదు, స్పినెల్ అని పరీక్షవలన తేలినది. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని గరీబుపేట కొండయందు దొరకు గార్నెట్టును సానపట్టిన ఎఱ్ఱగానే యుండును. రంగు చూచి పేరు పెట్టుట, వస్త్రము చూచి కులగోత్రములు చెప్పుటవంటిది.

ఒకటిగా కనబడు రాళ్లను వేఱుచేయునది సంఖ్య. అట్టి సంఖ్యలలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది విశిష్టగురుత్వము. రాయి తనయంత పరిమాణముగల నీటికంటె ఎన్ని రెట్లు బరువో చెప్పు సంఖ్య యిది. దీనికి మన త్రాసే చాలును. రాతిని ముందు గాలిలో తూచి, పిమ్మట సన్నని తీగతో వ్రేలాడదీసి నీటిలో మునుగునట్లు తూచవలెను. గాలిలోని బరువును, నీటిలో తగ్గిన బరువుచేత భాగించినచో విశిష్టగురుత్వము వచ్చును. ఒక ఎఱ్ఱని రాయి గాలిలో 4.00 కారట్లు, నీటిలో 3.00 కారట్లు తూగెననుకొనుడు. తగ్గినది 1.00, భాగహారము 4.00. ఇది కెంపు యొక్క సంఖ్య. మఱియొకటి గాలిలో 3.60, నీటిలో 2.60 తూగినచో వచ్చునది 3.60, ఇది స్పినెల్ యొక్క సంఖ్య.

రెండవది వక్రీభవనగుణకము. నీటిచెంబులో కఱ్ఱను ముంచినచో అది విఱిగినట్లు కనబడుట మీరందఱు చూచినదే. వెలుగు ఒక పదార్థమునుండి మఱియొక పదార్థములోనికి ప్రవేశించునపుడు వంగును. ఎంత వంగునో చెప్పు సంఖ్య యిది. దీనిని కొలుచు చిన్నపెట్టెకు రిఫ్రాక్టోమీటరని పేరు. ఆంగ్లశాస్త్రజ్ఞుడైన హెర్బర్టు స్మిత్తు 1905 లో రత్నపరీక్షకు అనువైన రిఫ్రాక్టోమీటరును రూపొందించెను. పెట్టెపైనున్న గాజుపలకమీద ప్రత్యేకద్రవమును ఒక చుక్క వేసి, రాతి యొక్క చదునుముఖమును దానిపై నుంచి, పసుపుపచ్చని సోడియము కాంతిలో చూచినచో వెలుగునీడలు కలియు గీత యొక అంకెవద్ద నిలుచును. ఆ అంకెయే గుణకము. ఈ ద్రవము విషపదార్థము. చేతికంటకుండ, ఆవిరి పీల్చకుండ జాగ్రత్తపడవలెను. ద్రవము యొక్క పరిమితినిబట్టి ఈ పెట్టె సుమారు 1.81 వఱకే చదువగలదు. వజ్రము యొక్క గుణకము 2.417 గనుక అది దీనికందదు.

మూడవది ద్వివక్రీభవనము. కొన్ని రత్నములు లోనికి వచ్చిన వెలుగును రెండు కిరణములుగా చీల్చును, కొన్ని చీల్చవు. చీల్చు రాతిని రిఫ్రాక్టోమీటరుపై మెల్లగా త్రిప్పుచు చూచినచో రెండు అంకెలు కనబడును. ఆ రెండింటి గరిష్ఠభేదమే ద్వివక్రీభవనము. కెంపునకు 1.762, 1.770 అను రెండు అంకెలును, వానినడుమ 0.008 భేదమును కలవు. స్పినెలునకు 1.718 అను ఒక్క అంకెయే. గార్నెట్టునకును ఒక్క అంకెయే. కాని అది జాతినిబట్టి మాఱుచుండును.

ఇప్పుడు సాఫ్ట్‌వేరు చేయు పనిని చెప్పెదము. దానియందు మాయ యేమియు లేదు. కంప్యూటరులో ఒక పెద్ద పట్టిక యుండును. ఒక్కొక్క రత్నమునకు గుణకము ఎంతనుండి ఎంతవఱకు, విశిష్టగురుత్వము ఎంతనుండి ఎంతవఱకు, వెలుగును చీల్చునా చీల్చదా, ఏ రంగులలో దొరకును అను సంగతులు వరుసగా వ్రాసియుండును. మనము మన కొలతలను అందించినవెంటనే అది పట్టికను ఆసాంతము వెదకి, కొలతలకు సరిపడని వానినన్నిటిని త్రోసివేసి, మిగిలినవాని పేర్లను తెఱపై చూపును. మేము పాఠశాలలో బాలునకు ఒక రూపమునిచ్చి, లింగమేది, విభక్తియేది, వచనమేది అని యడిగి, ఒక్కొక్క యుత్తరముతో కొన్ని శబ్దములను త్రోసివేయించి తుదకు మూలశబ్దమును రాబట్టుచుంటిమి. ఇదియు అట్టిదే. మనుష్యుడు పుస్తకములోని పుటలను త్రిప్పి గంటలో చేయుదానిని కంప్యూటరు క్షణములో చేయును. అలయదు, ఒక పేరును చూడక దాటిపోదు. ఇంతవఱకు దాని గొప్పతనము నిజమైనది.

ఇందు గమనింపవలసినది యేమనగా, సాఫ్ట్‌వేరు 'ఇది కెంపు' అని తీర్పు చెప్పుట లేదు. 'ఈ కొలతలకు విరుద్ధముగా లేనివి ఇవి' అని మాత్రమే చెప్పుచున్నది. కాదన్న మాటకు బలమెక్కువ. అవునన్న మాటకు బలము తక్కువ. ఈ భేదమును గ్రహించినవాడు దానిచేత మేలు పొందును. గ్రహింపనివాడు దానినే నమ్మి చెడును.

ఒక ఉదాహరణమును చూడుడు. అర కారటు తూగు ఎఱ్ఱని రాయి పనివానియొద్దకు వచ్చినది. అతడు రిఫ్రాక్టోమీటరుపై నుంచి, త్వరపడి, ఒక్కమాఱు చూచి 1.76 అని వ్రాసికొనెను. సాఫ్ట్‌వేరునకు ఆ యంకె నిచ్చినచో అది కెంపును చూపును, గార్నెట్టునుకూడ చూపును; ఏలయన గార్నెట్టులలో ఒక తెగకు గుణకము 1.76 ప్రాంతముననే యుండును. సరే, విశిష్టగురుత్వము చూచెదమని తూచెను. కెంపైనచో నీటిలో 0.125 కారటు తగ్గవలెను. త్రాసు కారటులో నూఱవవంతు తప్పినచో, అనగా 0.125 కు బదులు 0.135 చూపినచో, వచ్చు సంఖ్య 3.70, 0.115 చూపినచో 4.35. కెంపు యొక్క సంఖ్య 4.00, ఆ గార్నెట్టు యొక్క సంఖ్య 3.84 ప్రాంతము. రెండును ఈ తప్పునడుమనే యిమిడిపోయినవి! ఇక తూకము దేనిని వేఱుచేయగలదు? ఇదే రాయి 4 కారట్లదైనచో అంత తప్పునకు 3.96 నుండి 4.04 వఱకే తేడా వచ్చును. అప్పుడు తూకము చక్కగా పనిచేయును.

మఱి చిన్నరాతికి ఉపాయమేమి? రాతిని పలకపై మెల్లగా త్రిప్పుచు ఓపికతో చూచుటయే. 1.762 తోపాటు 1.770 కూడ కనబడినచో అది వెలుగును చీల్చుచున్నది, గార్నెట్టు కాదు. ఎంత త్రిప్పినను ఒక్క అంకెయే నిలిచినచో గార్నెట్టు వైపు మొగ్గవలెను. పోలరిస్కోపులో మఱల చూచి దృఢపఱచుకొనవలెను. అర నిమిషపు ఓపిక చేసిన పనిని కంప్యూటరు చేయలేదు. ఏలయన మన మీయని సంఖ్య దానికి తెలియదు.

సాఫ్ట్‌వేరునందు మఱియొక మర్మము కలదు. కొలతలలో ఎంత తేడాను క్షమింపవలెనో మనమే నిర్ణయింపవచ్చును. ఆ క్షమను మిక్కిలి తగ్గించినచో అసలైన రత్నము పేరే జాబితానుండి జాఱిపోవును. మిక్కిలి పెంచినచో ఇరువది పేర్లు వచ్చి మీదపడును. తన త్రాసు ఎంత తప్పునో, తన కన్ను ఎంత తప్పునో ఎఱిగినవాడే ఆ మేరను సరిగా పెట్టగలడు. కావున తన పనిముట్టును తాను పరీక్షించుకొనుట మొదటి పాఠము. స్ఫటికము యొక్క అంకెలు 1.544, 1.553, విశిష్టగురుత్వము 2.65. ఇవి ఎల్లచోట్ల ఇంచుమించు మాఱనివి. ప్రతిదినము పని ప్రారంభించుటకు ముందు స్ఫటికపుముక్కను ఒకమాఱు కొలిచి చూచుకొన్నవాడు తన పెట్టె సరిగనున్నదో లేదో తెలిసికొనును.

మాటల చిక్కు మఱియొకటి. 'పుష్యరాగము' ఇమ్మని యడుగువారిలో కొందఱికి కావలసినది పసుపుపచ్చని నీలజాతి రాయి. దీనినే వర్తకులు కనకపుష్యరాగమందురు. నిఘంటువులలో ఆ పదమునకు టోపజు అను అర్థము కనబడును. అంగడిలో పసుపురంగు స్ఫటికమును సైతము ఆ పేరుతో అంటగట్టువారు కలరు. సంఖ్యలు మాత్రము ఈ మూటిని స్పష్టముగా వేఱుచేయును: మొదటిదానికి గుణకము 1.762 నుండి 1.770, విశిష్టగురుత్వము 4.00; టోపజునకు గుణకము 1.61 నుండి 1.64 లోపల, విశిష్టగురుత్వము 3.53, స్ఫటికమునకు 1.544 నుండి 1.553, విశిష్టగురుత్వము 2.65. వైడూర్యమును అట్లే. క్రిసోబెరిలు జాతి వైడూర్యమునకు 3.73, పిల్లికన్నువలె మెఱయు స్ఫటికమునకు 2.65. ఇట్టి చోట్ల సాఫ్ట్‌వేరు కొన్నవానిని అమ్మినవానిని పొదిగినవానిని ముగ్గురను రక్షించును. కాని కొనువాడు ఏ అర్థముతో ఆ మాట నుపయోగించెనో అది అతనినే యడిగి తెలిసికొనవలెను.

ఇక సాఫ్ట్‌వేరు మనలను విడిచిపెట్టు చోట్లను చెప్పవలెను. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది కృత్రిమరత్నము. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు వెర్నయీ మంటలో పొడిని కరగించి కెంపును పెంచు విధానమును 1902 లో ప్రకటించెను. ఆ కెంపు గాజు కాదు, నకిలీ పదార్థము కాదు. భూమిలో పుట్టిన కెంపు ఏ పదార్థమో అదియు అదే. గుణకము అదే, విశిష్టగురుత్వము అదే, ద్వివక్రీభవనము అదే. సాఫ్ట్‌వేరు రెండింటిని కెంపనియే చెప్పును. అది అబద్ధమాడినట్లు కాదు, మన మడిగినదానికి సరిగానే చెప్పినది. వెల మాత్రము ఆకాశమునకు భూమికి ఉన్నంత తేడా. దీనిని వేఱుచేయునది పదిరెట్లు చూపు భూతద్దము, సూక్ష్మదర్శిని, నేర్చిన కన్ను. మంటలో పెంచిన రాతిలో గ్రామఫోను పలకపైని గాడులవలె వంపుగీతలు కనబడును. భూమిలో పుట్టినదానిలో గీతలు తిన్నగా, కోణములుగా నుండును. పట్టుదారములవంటి సన్నని సూదులు తఱచుగా కనబడును. అయితే ఒక్కొక్కచోట సంఖ్యయే పట్టియిచ్చును: మంటలో పెంచిన స్పినెలునకు గుణకము 1.728 ప్రాంతము, సహజమైనదానికి 1.718 ప్రాంతము. యంత్రశాలలో పెంచిన వజ్రముల విషయమున ఈ సదుపాయమును లేదు. అట్టివానిని పెద్ద పరికరములుగల పరీక్షాశాలకు పంపుటయే మార్గము.

రెండవది అతుకురాయి. పైన పలుచని గార్నెట్టు ముక్క, క్రింద రంగుగాజు కరగించి అతికిన రాళ్లు పాతనగలలో తఱచుగా కనబడును. రిఫ్రాక్టోమీటరు పైముఖమునే తాకును; గార్నెట్టు అనియే చెప్పును. ఆకుపచ్చని రాయి గార్నెట్టు అంకెను చూపినపుడు తెలివిగలవాడు ప్రక్కనుండి భూతద్దముతో చూచి అతుకును పట్టుకొనును.

మూడవది చికిత్స పొందిన రాయి. ఇంతకుముందు చెప్పిన గాజునింపిన కెంపు ఈ కోవలోనిది. దాని పైముఖము కెంపే గనుక అంకెలు కెంపువే వచ్చును. లోపలి గాజు సంగతి అంకెలలో లేదు. రాతిని అటునిటు కదల్చుచు చూచినపుడు పగుళ్లవెంట నీలికాంతి తళుక్కుమనుటయు, లోపల చదునైన గాలిబుడగలు కనబడుటయు దాని గుర్తులు. పనివాని బ్రదుకును చెఱచు రాయి యిదియే. దీనిని పట్టునది కన్నేకాని కంప్యూటరు కాదు.

నాలుగవది పొదిగియున్న రాయి. బంగారమునందు బిగించిన రాతిని నీటిలో తూచుటకు వీలులేదు. మన కుందనపు పనిలో రాతివెనుక మూతపడియుండును. క్రింద రంగురేకును ఉంచుటయు కలదు. పైముఖము గుండ్రనిదైనచో గుణకమును రెండు దశాంశములకు మించి నమ్మకముగా చదువజాలము. అందువలన రాయి విడిగానున్నపుడే, పొదుగుటకు ముందే, కొలిచి వ్రాసియుంచుట వివేకము. ఇక రాయి యొక్క ఛాయాచిత్రమును చూపిన చాలును, ఫోనే పేరు చెప్పునని నమ్ము యువకులు కొందఱు కలరు. ఛాయాచిత్రమున రంగున్నది, ఆకారమున్నది. గుణకము లేదు, బరువు లేదు. కంటికి చిక్కనిది చిత్రమునకు చిక్కదు.

ఈ సందర్భమున ఒక యథార్థకథను మనవిచేసెదము. 1945 లో డబ్లిను నగరమున ఎడ్వర్డు టాఫె అను రత్నపరీక్షకుడు ఒక నగలవర్తకునియొద్ద పాతరాళ్లను కొనెను. వానిలో లేత ఊదారంగుగల యొక రాయి స్పినెల్ వలె నుండెను. దాని అంకెలును స్పినెలునకు మిక్కిలి దగ్గఱగానే యున్నవి; విశిష్టగురుత్వము 3.6 ప్రాంతము, గుణకము 1.72 ప్రాంతము. నేటి సాఫ్ట్‌వేరు అప్పుడున్నచో, ఆనాటి పట్టికనుబట్టి స్పినెల్ అని చూపియుండును. వేఱుపేరు ఆ పట్టికలో లేదుగదా. కాని టాఫె భూతద్దముతో రాతిలోనికి చూచునపుడు లోపలి మచ్చలు రెండేసిగా కనబడినవి. స్పినెల్ వెలుగును చీల్చదు. ఈ రాయి చీల్చుచున్నది. ఆయన దానిని సరిపెట్టుకొనక, లండను ప్రయోగశాలలోని ఆండర్సనునకు పంపెను. విచారింపగా అది లోకమునకు అంతవఱకు తెలియని ఖనిజమని తేలినది. 1951 లో దానికి టాఫెయైటు అని ఆయన పేరే పెట్టిరి. సానపట్టిన రత్నమునుండియే మొదట గుర్తింపబడిన ఖనిజము అదియే.

ఈ కథలోని నీతి మనకు స్పష్టము. పట్టిక పూర్వులు చూచినదానినే చెప్పగలదు, చూడనిదానిని చెప్పదు. ఒక్క సంఖ్య యైనను సరిపడనపుడు దానిని అణచిపెట్టి దగ్గఱి పేరును అంగీకరింపక, ఏల సరిపడలేదని యడిగినవాడే పరీక్షకుడు. శాస్త్రగ్రంథమును గ్రుడ్డిగా నమ్మరాదన్నది ఎట్లో, కంప్యూటరు తెఱను గ్రుడ్డిగా నమ్మరాదన్నదియు అట్లే.

మహాశయులారా, ఇప్పుడు మన కర్తవ్యమును చెప్పి ముగించెదము. ఈ శాస్త్రమును నేర్పు పని పాశ్చాత్యదేశమున ఎవరు ప్రారంభించిరో వినుడు. ప్రభువులు కాదు, విశ్వవిద్యాలయములు కాదు. ఇంగ్లండులోని స్వర్ణకారుల సంఘమువారే 1908 లో రత్నశాస్త్రబోధనకు పూనుకొని, 1913 లో మొదటి పరీక్షలను నడపిరి. తమ వృత్తికి వచ్చిన చిక్కును తామే తీర్చుకొనిరి. వారు చేసిన పని మన సంఘము చేయలేనిది కాదు.

మొదటిమాట. ప్రతి పెద్దపట్టణమున మన సంఘమందిరమునందు ఒక రిఫ్రాక్టోమీటరు, ఒక పోలరిస్కోపు, కారటులో నూఱవవంతును చూపు త్రాసు, సూక్ష్మదర్శిని, సాఫ్ట్‌వేరుతో కూడిన ఒక కంప్యూటరు ఉండవలెను. ఒక్కొక్క పనివాడు వేర్వేఱుగా కొనలేని వస్తువులను అందఱు కలిసి కొనవచ్చును. పోషకమహాశయులు సత్రములకు, కల్యాణమండపములకు ఇచ్చిన విరాళములలో కొంతభాగమును దీనికిచ్చినను పుణ్యము తగ్గదు.

రెండవమాట. పదవతరగతితో చదువు మాని కుంపటిముందు కూర్చున్న పిల్లలు మనలో పెక్కురు కలరు. వారి చేతిలో నేర్పున్నది, సంఖ్యయందు భయమున్నది. భాగహారము, దశాంశములు తెలిసిన బాలుడు ఈ విద్యను నేర్వగలడు. అంతకుమించిన గణితము అక్కఱలేదు. విద్యార్థివేతనములను ఇంజనీరింగు చదువువారికి మాత్రమే యీయక, రత్నశాస్త్రము నేర్వగోరు పనివాని బిడ్డలకును ఈయవలసినదని మా ప్రార్థన. ఆడపిల్లలకును ఈ విద్య మిక్కిలి తగినది. ఓపికయు సూక్ష్మదృష్టియు ఇందు ప్రధానము.

మూడవమాట అందఱు ఈనాటినుండియే చేయదగినది. దీనికి యంత్రము అక్కఱలేదు. నగను చేతికి తీసికొనునపుడు రాతిని భూతద్దముతో యజమాని యెదుటనే చూచి, కనబడిన పగుళ్లను, మచ్చలను చీటిపై వ్రాసి, ఇరువురు సంతకములు చేయవలెను. పరీక్షింపని రాతిని 'కెంపు' అని వ్రాయరాదు. 'ఎఱ్ఱని రాయి' అని వ్రాయవలెను. కొలిచినచో కొలతలను వ్రాయవలెను. పేరు అభిప్రాయము, కొలత సాక్ష్యము. అనుమానమున్న రాతిని మంటకు చూపుటకు ముందు ఊడదీయవలెను. ఊడదీయ వీలులేనిచో ఆ పనిని ఒప్పుకొనకుండుటయే మేలు. ఒక్కదినపు కూలి పోయినను పేరు నిలుచును.

గీటురాతిపై బంగారమును గీచి చూచిన మన తాతలు ఆ రాయే బంగారమును తెలిసికొన్నదని యెన్నడును అనలేదు. గీత రాతిదైనను, తెలిసికొన్నది వారి కన్ను. సాఫ్ట్‌వేరును మనకు అట్టి గీటురాయియే. దానిని విసర్జించుట అవివేకము. దానికి మన వివేకమును అప్పగించుట అంతకంటె అవివేకము. మన పిల్లలు సరిగా కొలుచుటను, కొలిచినదానిని నిజాయితీగా వ్రాయుటను నేర్చుకొందురుగాక. మన కుంపటులు చల్లారకుండుగాక. మన చేతిలో నగను పెట్టి పోవు ఇల్లాండ్ర నమ్మకము చెదరకుండుగాక.

 సర్వేజనాః సుఖినో భవన్తు.